పదహారు ఇంచుల కంచు

కాజీపేట రైల్వే బ్రిడ్జి దిగినంక
ఇన్నయ్య సెకండ్ హ్యాండ్ దుకాణంల
మూడు తాళ్లకు మూడు పళ్లాలు.
నా చేతికి పుల్ల ఇచ్చి ఆయన చాయ్ తాగనీకి పోయిండు.
"నువ్వే అడుగు, అవే చెప్తయ్" అనుకుంట.

మొదటిది పల్చనిది.
కాలిన పెనం మీద నీళ్లు చిలకరిచ్చినట్టు
చుయ్యిమన్నది, అంతే.
కొట్టిన్నా లేదా అని నాకే అనుమానం.

మూడోది బరువు.
దెబ్బ ముందుగాల మణికట్టుకు తెలుస్తది, తర్వాత చెవికి.
ఇగ మోగుడు మొదలువెట్టిందంటే
పెండ్లి బంతి కాడ మైకు దొరికిన మేనమామ లెక్క,
ఎవలు గుంజుకోవాలె?

నడిమిది.
నడిమిదాన్ని ఏమని చెప్పుడు?
పుల్ల తగిలినంక రెప్పపాటు ఆలోచన చేసింది.
అప్పుడు తెరుచుకున్నది,
షట్టర్ ఒక్క గుంజుకు పైకి లేసి
లోపలి లైటంత రోడ్డు మీద పడ్డట్టు.
పైన సన్నటి మెరుపు, కింద జరంత గరుకు,
జొన్నరొట్టె అంచుకుండే గరుకు.
నాలుగు లెక్కవెట్టేలోపట
వచ్చిన తొవ్వనే మళ్లిపోయింది,
పాడేటోళ్లకు జాగ ఇడిసి.

చాయ్ తాగి వచ్చిన ఇన్నయ్య
నా మొఖం చూసి ధర పెంచిండు.

మా నాయిన ఓదెలు
గడ్డి మంట మీద డప్పు కాపి
బొటనవేలితోని మీటి, "ఇగ పలుకుతది" అనేటోడు.
ఒక చేతిల సిర్ర, ఒక చేతిల సిటికెన పుల్ల.
ముసురు పట్టిందంటే డప్పు అలిగేది.
ఈ కంచుకు మంట అక్కర లేదు, ముసురు పట్టదు.
తిప్పి తిప్పి చూసి ఒక్కటే అడిగిండు:
"మరి దీని తోలేది బిడ్డా?"

ఆరేండ్లు తిరిగినం.
హన్మకొండ ఫంక్షన్ హాళ్ల పాలరాయికి
దాని గొంతు కీచుమనేది, గుడ్డముక్క అతికిచ్చేటోన్ని.
పరకాల కాడ చెలకల స్టేజీ వేస్తే
నాలుగు గజాలు పోయి మట్టిల కూసునేది.
మందమర్రి క్వార్టర్లల్ల క్రిస్మస్ ఆరాధన,
ఒక్క రాత్రికే దాని మీద బొగ్గు దుమ్ము పొర.
తెల్లారి తుడిస్తే
నేను కొట్టిన కాడల్ల తెల్లటి గీతలు,
నేనెంత కోపంతోని కొడ్తనో అవే లెక్క.

ములుగుల ఒక రాత్రి స్పీకర్లు పనిచెయ్యలే.
క్రిసోస్తం కీబోర్డు వినొస్తలేదు.
తప్పంత కంచుదే అన్నట్టు బాదిన.
ఆఖరి పాటల దాని గొంతుల ఏదో ఇరిగింది,
పలక మీద బలపం జారినట్టు.
అంచు మీద గోరంత పర్రె.

పెంబర్తి సోమాచారి దాన్ని ఒళ్లె పెట్టుకుని
కణుపుతోని తట్టిండు. మళ్లా తట్టిండు.
సుత్తె దెబ్బల గుంతలను వేళ్లతోని తడిమిండు,
గుడ్డివాడు మనిషి మొఖం తడిమినట్టు.
"నేను దేవుళ్లకు తొడుగులు చేసేటోన్ని, ఇది నాకు కొత్త.
తగరం మాత్రం గట్టిగనే కలిపిన్రు" అన్నడు.
"పర్రె ఉరుకుతది పిలగా.
దాని ముంగట గుంత తవ్వాలె."
పర్రె ఆగిన కాడ చిన్న బొక్క పొడిచి
ఆకురాయితోని అంచు నున్నగ చేసిండు.
పైసలంటే చెయ్యి ఊపిండు:
"ఒక్కసారి నిండుగ కొట్టి పో."
కొట్టిన.
పక్క కొలిమిల సుత్తెలు రెండు ఆగి
మళ్లా మొదలైనయ్.

ఇప్పుడు దాని మోత ఒక వెంట్రుకవాసి పొట్టిది.
తెరుచుకునుడు అట్లనే ఉన్నది,
మళ్లేటప్పుడే కొంచెం తొందర,
చివరికి స్... అని ఒక ఊపిరి.
ఈ సంగతి నేనెవలకూ చెప్పలే.

ఆదివారం ప్రాక్టీసుల
మొదటి చరణం అయినంక కొట్టిన.
సలోమి వెనక్కి తిరిగి చూసింది.
ఏమనలే.
రెండో చరణం మాత్రం
జర ముందుగాలనే ఎత్తుకున్నది.